ప్రభుత్వ భూముల్లో ఉపాధ్యాయులకు వేసవి అభ్యాసం: చిత్తూరు, తిరుపతి జిల్లాల సందర్భం

ఏప్రిల్ చివర బడులు మూతపడే నాటికి చిత్తూరు ప్రాంతపు చెరువుల్లో చాలావరకు ఎండిపోతాయి. అడుగున పూడిక నెర్రెలు విచ్చి కనిపిస్తుంది. తూము, మరవ, కట్ట లోపలి రాతి పేర్పు బయటపడతాయి. వానాకాలమంతా నీటి మరుగున ఉండే ఈ నిర్మాణాన్ని చదువుకోవడానికి అంతకు మించిన అదను లేదు. దాన్ని చదివి పిల్లలకు చెప్పవలసిన ఉపాధ్యాయులు ఆ సమయానికి సెలవుల్లో ఉంటారు. సెలవు వారి హక్కు. అయితే ఆ సెలవులో కొన్ని రోజులను ఇష్టపూర్వకంగా పొలానికీ చెరువుకూ కేటాయించే వారికి తగిన ఏర్పాటు చేయవలసిన బాధ్యత వ్యవసాయ విశ్వవిద్యాలయానిదీ, అటవీశాఖదీ, విద్యాశాఖదీ.

అమెరికా జాతీయ ఉద్యానవనాల విభాగం ‘టీచర్-రేంజర్-టీచర్’ పేరిట ఇటువంటి పథకాన్ని నడిపింది. ఉపాధ్యాయులు వేసవిలో కొన్ని వారాలు ఉద్యానవనంలో రేంజర్లుగా పనిచేసి, ఆ అనుభవాన్ని తరగతి గదికి తీసుకువెళతారు. ఆ నమూనాను ఉన్నదున్నట్లు శేషాచలానికి తెచ్చి అతికించాలనుకోవడం మాత్రం పొరపాటు.

శేషాచలం సామాన్యమైన అడవి కాదన్నది నిజమే. 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, 2010లో శేషాచలం జీవావరణ పరిరక్షణ కేంద్రం ఏర్పడ్డాయి. ఎర్రచందనం సహజంగా పెరిగేది దక్షిణ తూర్పు కనుమల్లోని ఈ కొద్ది ప్రాంతంలోనే. పెరిత, తెల్లకరక, మొగి వంటి మొక్కలనూ, బండల సందుల్లోని బంగారు బల్లినీ చూపడానికి ఇంతకన్నా మంచి చోటు ఉపాధ్యాయులకు దొరకదు. అయినా మే నెల అందుకు అనువైనది కాదు. ఆకురాల్చే అడవి ఎండుటాకులతో నిండి నిప్పుకు సిద్ధంగా ఉంటుంది; అటవీ సిబ్బంది చూపంతా మంటల మీద, చందనం దొంగల మీద ఉంటుంది. అటువంటి వేళ వారికి అతిథులను అప్పగించడం ఉభయులకూ ఇబ్బందే. అడవి భాగాన్ని వానలు పడిన తరువాత, దసరా సెలవులకు మార్చడం మేలు. కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం అంచు గ్రామాల ఉపాధ్యాయులకైతే ఏనుగుల విషయంలో వేరే పాఠ్యక్రమమే కావాలి.

వేసవికి సరిపోయేవి చెరువు, పోరంబోకు, పరిశోధన స్థానపు క్షేత్రం. వేరుశనగ విత్తకముందు, పొలాలు ఖాళీగా ఉన్నప్పుడే మట్టి నమూనాలు తీయాలి. ఇంగ్లీషు ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచు నుంచి మట్టి చెక్కి, పలుచోట్ల సేకరించినదాన్ని కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలను తీసివేస్తూ అరకిలో మిగిల్చే పద్ధతిని ఒక ఉపాధ్యాయుడు తన చేతులతో పదిసార్లు చేస్తే చాలు. ఎనిమిదో తరగతికి నమూనా సేకరణ అంటే ఏమిటో, సగటు ఎందుకు కావాలో ఇక ఆయన బొమ్మ గీసి చెప్పనక్కరలేదు. చెరువు పూడికలోని బంకమట్టి ఎర్ర ఇసుక నేలకు తేమ పట్టే గుణాన్ని ఎలా పెంచుతుందో రెండు డబ్బాల్లో నీళ్లు పోసి చూపవచ్చు. పంపకం లెక్క ఎరిగిన నీరుగంటి ఊళ్లో ఇంకా ఉంటే, ఆయన పక్కన గడిపిన ఒక ఉదయం పది ఉపన్యాసాల పెట్టు.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఇందులో స్వార్థం కూడా ఉంది. వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులను గ్రామీణ అనుభవ కార్యక్రమం కింద పల్లెలకు పంపుతున్నారు. వారు ఒక సీజను ఉండి వెళ్లిపోతారు. ఉపాధ్యాయులు సంవత్సరాల తరబడి అదే మండలంలో, అదే రైతుల పిల్లల మధ్య ఉంటారు. మట్టి పరీక్ష కార్డు ఇంటికి చేరినా అర్థంకాక దూలానికి దోపి ఉండిపోయే చోట, దాన్ని చదివి చెప్పగల ఏడో తరగతి అమ్మాయి విస్తరణకు ఎంత బలమో వేరే చెప్పాలా?

ఇది మరో శిక్షణగా మారితే మాత్రం వద్దు. ఎన్నికలు, జనగణన వంటి పనులతో ఉపాధ్యాయులు ఇప్పటికే విసిగి ఉన్నారు. హాలులో కూర్చోబెట్టి, స్లైడ్లు చూపి, మధ్యాహ్న భోజనం తరువాత ధ్రువపత్రం చేతిలో పెట్టే తంతుకు తిరుపతి ఎండలో ఎవరినీ రప్పించనక్కరలేదు. జాతీయ విద్యావిధానం-2020 ఏటా 50 గంటల వృత్తి వికాసాన్ని కోరుతున్నది. ఈ పన్నెండు రోజుల పనిని అందులో లెక్కించాలి, గౌరవవేతనం ఇవ్వాలి, పోయిన సెలవును సంపాదిత సెలవుగా జమ చేయాలి. అదే విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సూచించిన పది సంచీ రహిత దినాలను ఎలా నింపాలో తెలియక తికమకపడే బడులకు ఈ ఉపాధ్యాయులే దారి చూపగలరు.

తొలి ఏడాది ఇరవై మందితో మొదలుపెడితే చాలు. తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఒక్కొక్క శాస్త్రవేత్తకు ఇద్దరిని అప్పగించి, ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకే పని పెట్టాలి. పరీక్షల హడావుడి మొదలుకాకముందే, ఫిబ్రవరిలో, పేర్లు ఖరారు కావాలి. ఆ చెరువు ఏదో అప్పుడే నిర్ణయించుకోవాలి.