పాపం అనకండి, పాపం చేయనివ్వండి

మన భాషలో ‘పాపం’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి చేసినవాడిని నరకానికి పంపేది. రెండోది చూసినవాడి నోట జాలిగా జారేది. వికలాంగుల విషయంలో మన తెలుగు సినిమా రెండో పాపాన్ని ధారాళంగా దానం చేసి, మొదటి పాపాన్ని మాత్రం కాళ్ళూ కళ్ళూ సరిగ్గా ఉన్నవాళ్ళ కోసం అట్టిపెట్టుకుంది. నా అభియోగం ఇదే.

ఈ అభియోగానికి నన్ను పురిగొల్పినది ‘అస్తా లా విస్తా’ అనే బెల్జియం చిత్రం. ఆ దేశంలో డచ్చి భాష మాట్లాడే ఫ్లాండర్సు ప్రాంతంవారు 2011లో తీసినది. దర్శకుడు జెఫ్రీ ఎంథోవెన్. అందులో ముగ్గురు మిత్రులు. ఒకడికి మెడ కింద శరీరం కదలదు. ఒకడిని మెదడులోని కణితి చక్రాల కుర్చీకి చేర్చింది. మూడోవాడికి చూపు దాదాపు లేదు. స్త్రీ పొందు ఎరగకుండా చచ్చిపోకూడదని ముగ్గురూ తీర్మానించుకుని, ద్రాక్షసారా రుచులు చూసే విహారయాత్ర అని పైకి చెప్పి, స్పెయిన్‌లోని ఒక వేశ్యాగృహానికి బయలుదేరతారు. వ్యాను నడిపేది క్లోద్ అనే స్థూలకాయురాలు, ఫ్రెంచి మాట్లాడే మనిషి. ఆమె రూపాన్నీ భాషనూ వాళ్ళు ఎగతాళి చేసే తీరు చూస్తే, ముఖ్యంగా ఆ మెడ కింద కదలనివాడి నోటిదురుసు చూస్తే, చెంప ఛెళ్ళుమనిపించాలనిపిస్తుంది. ఒక పక్షవాతపు మనిషిని కొట్టాలని ప్రేక్షకుడికి అనిపించడమే ఆ చిత్రం సాధించిన ఘనత. జాలిపడేవాడిని మనం కొట్టం, సమానుడినే కొడతాం. ఆ ఏడాది మాంట్రియల్ చిత్రోత్సవంలో అగ్రబహుమతి దీనికే దక్కింది.

ఇప్పుడు మన ఇంటి సంగతి చూద్దాం. ‘సిరిసిరిమువ్వ’ (1976)లో మాటరాని నాయిక, ‘సిరివెన్నెల’ (1986)లో చూపులేని వేణుగాన విద్వాంసుడు, మూగ చిత్రకారిణి, అదే ఏడాది ‘స్వాతిముత్యం’లో లోకం తెలియని శివయ్య. విశ్వనాథ్ గారి కళకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ పాత్రల్లో ఒక్కరైనా ఒక్క నీచమైన ఆలోచన చేయగలరా? అబద్ధమాడి ఇంట్లోంచి ఉడాయించగలరా? అవయవం ఒకటి తక్కువైనందుకు పరిహారంగా వాళ్ళకు ఆత్మ ఒకటిన్నర ఇచ్చి పూజామందిరంలో కూర్చోబెట్టాం. పూజామందిరానికి పనికిరానివాళ్ళను హాస్యపు ట్రాకుకు తోలేశాం. నత్తివాడు, చెవిటి మామ, మెల్లకన్ను గుమాస్తా. తరాలు మారినా ఆ నవ్వులు మారలేదు.

ఇటీవలి మాటేమిటంటారా? ‘రాజా ది గ్రేట్’ (2017)లో చూపులేని నాయకుడు చూపున్నవాళ్ళందరినీ చితక్కొడతాడు. జాలి పోయి అద్భుతం వచ్చింది. మనిషి మాత్రం రాలేదు. ‘రంగస్థలం’ (2018) కొంత నయం. అందులో వినికిడి సరిగా లేని చిట్టిబాబుకు కోపముంది, ప్రేమ ఉంది, పంతముంది. ‘ఊపిరి’ (2016) ఫ్రెంచి చిత్రానికి తెలుగు రూపం. అందులో చక్రాల కుర్చీ పారిస్ దాకా వెళుతుంది. వెళ్ళదూ మరి, కూర్చున్నవాడు కోటీశ్వరుడు! ప్రయాణం చేయాలంటే ముందు నాగార్జున అంత ఆస్తి ఉండాలన్నమాట.

మనవాళ్ళకు ప్రయాణపు కథలు రుచించవని తప్పించుకోవడానికి వీల్లేదు. 2008లో క్రిష్ ‘గమ్యం’ తీస్తే, ఒక డబ్బున్న కుర్రవాడు, గాలి శీను అనే మోటారుసైకిళ్ళ దొంగ కలిసి తిరిగిన దారిని జనం గుండెకు హత్తుకున్నారు. జతకుదరని ఇద్దరిని ఒక బండెక్కిస్తే కథ దానంతటదే నడుస్తుందని అప్పుడే రుజువైంది. మరి ఆ బండి మీద ఒక ఊతకర్రకు చోటెందుకు లేదు?

దానికి జవాబు స్టూడియోల్లో దొరకదు, రోడ్డు మీద దొరుకుతుంది. సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే దారిలో ఉన్న మా కుసుమంచినే తీసుకోండి. ఇక్కడి నుంచి ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం నూటయాభై కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ బెల్జియం మిత్రులు రెండు దేశాల సరిహద్దులు దాటారు. మన మిత్రులు ముగ్గురు కుసుమంచిలో బయలుదేరారనుకోండి. వాళ్ళ మొదటి సరిహద్దు పల్లెవెలుగు బస్సు మెట్టు. బస్సులో వికలాంగులకు కేటాయించిన సీటు ఉంటుంది, దానిపైన అక్షరాలూ ఉంటాయి. సీటు ఉంది, సీటుదాకా దారి లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది; మంచిదే. చక్రాల కుర్చీలోని ఆడపిల్ల టిక్కెట్టు కూడా సున్నా రూపాయలే. ఎక్కించడానికి ఇద్దరు మనుషులు దొరకాలి, అంతే!

చట్టం లేదా అంటే, ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం బస్సులనూ స్టేషన్లనూ అందరికీ అందుబాటులోకి తెమ్మన్నది. ప్రజలు వాడే పాత భవనాలను సవరించడానికి, 2017 జూన్‌లో నిబంధనలు వెలువడ్డ నాటి నుంచి ఐదేళ్ళు గడువిచ్చింది. 2022 జూన్‌తో ఆ గడువు తీరిపోయింది. 2011 జనగణన ప్రకారమే దేశంలో రెండుకోట్ల అరవై ఎనిమిది లక్షలమంది వికలాంగులున్నారు. సదరం శిబిరంలో వరుసలో నిలబడి తమ లోపం నూటికి ఎంతో నిరూపించుకుంటే పింఛను వస్తుంది. ఆ పింఛనుతో ఎక్కడికి వెళ్ళాలని మాత్రం ఎవరూ అడగరు. గడప దాటని మనిషి మన కంటపడడు. కంటపడనివాడి గురించి రాయబోయే రచయితకు తెలిసినవి రెండే: దేవుడు, విదూషకుడు.

‘వేశ్యాగృహానికి పోవడం కూడా ఒక కథేనా? మన సంస్కృతి ఏమైపోవాలి?’ అనే మహాశయులకు ఒక్క ప్రశ్న. మన నాటకసాహిత్యంలో అగ్రపీఠం వేసిన ‘కన్యాశుల్కం’లో కథ ఎవరి ఇంటి చుట్టూ తిరుగుతుంది? మధురవాణి గుమ్మం తొక్కిన గిరీశాన్ని నూరేళ్ళకు పైగా నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నాం. ఆ గిరీశమే చక్రాల కుర్చీలో ఉండి ఉంటే, మహాశయులారా, చుట్ట కాల్చనిచ్చేవారా?

ఆ బెల్జియం చిత్రం లోపరహితమని నేననను. మధురవాణికి గురజాడ ఇచ్చిన మనసునూ మాటనూ అందులో ఆ స్పెయిన్ వేశ్యలకు ఎవరూ ఇవ్వలేదు. ముగ్గురు వికలాంగుల వేషాలు కట్టినవారు వికలాంగులు కారు. ఈ రెండో విషయంలో మనమే ముందున్నాం: ప్రమాదంలో కాలు పోయిన సుధాచంద్రన్ ఎనభైల నడుమ ‘మయూరి’లో తన కథను తానే, కృత్రిమ పాదంతో నాట్యమాడి నటించింది. ఆ తలుపు తెరిచింది సింగీతం శ్రీనివాసరావు గారు. తెరిచిన తలుపును మళ్ళీ మూసుకున్నది మనం.

హాస్యం మాట కూడా చెప్పాలి. ఒక హిందీ చిత్రంపై వచ్చిన వ్యాజ్యంలో 2024 జూలై 8న సర్వోన్నత న్యాయస్థానం ఒక గీత గీసింది. వికలాంగుడిని కించపరిచే హాస్యం వేరు, వైకల్యాన్ని గురించి లోకానికున్న మూఢత్వాన్ని ప్రశ్నించే హాస్యం వేరు అని. ఎంత చక్కటి గీత! దీన్ని చదివి భయపడి మన నిర్మాతలు నత్తివాడి పాత్రనే ఎత్తేస్తే నష్టం వాళ్ళది కాదు, నత్తివాడిది. కావలసింది నవ్వు ఆపడం కాదు. నత్తివాడు కూడా ఎదుటివాడిని చూసి నవ్వాలి. వాడి నవ్వు కొంచెం క్రూరంగా ఉన్నా మనం ఓర్చుకోవాలి.

కనుక తెలుగు రచయితలకు నా విన్నపం. మా దారిన పోయే బస్సు ఎక్కడానికి ఒక ముగ్గురిని బయలుదేరదీయండి. వాళ్ళను త్యాగమూర్తులను చేయకండి. తగువులాడనివ్వండి, తాగనివ్వండి, అమ్మకు అబద్ధం చెప్పనివ్వండి. మొదటి మెట్టు దగ్గరే ఇరవై నిమిషాలు గడిచిపోతే గడవనివ్వండి. ఆ ఇరవై నిమిషాలు హాలులో కూర్చుని చూసినవాడు, మర్నాడు బస్సుస్టాండులో ఆ మెట్టు ఎత్తెంతో తప్పకుండా గమనిస్తాడు.