రైలుపట్టాకి ఇంటిపన్నెంత?

అమలాపురంలో సొంతిల్లు ఉన్నవాళ్లకి ఆస్తిపన్ను నోటీసు కొత్తేం కాదు. పూర్వం ఆ ఇంటికి అద్దె ఎంతొస్తుందో చూసి పన్ను వేసేవారు. 2021 నుంచి మన మున్సిపాలిటీల్లో స్థలం, కట్టడం విలువే లెక్క. మరి 2000-01 బడ్జెట్‌లో మంజూరైన 57 కిలోమీటర్ల కోటిపల్లి-నరసాపురం రైల్వేలైను సంగతో? గౌతమి, వైనతేయ, వశిష్ఠలమీద వంతెనలు, కొబ్బరితోటల మధ్య స్టేషన్లు... వీటిమీద ఊరికి పన్ను ఎంతొస్తుంది?

సున్నా. కేంద్రం ఆస్తిమీద రాష్ట్రంకానీ మున్సిపాలిటీ, పంచాయతీలుకానీ పార్లమెంటు ఒప్పుకుంటే తప్ప పన్ను వేయకూడదంటుంది రాజ్యాంగం 285వ అధికరణ. అలాగని వీధిదీపాలూ మురుగుకాలువలూ ఉచితమేం కాదు, సేవా రుసుము ఉంటుంది. రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో 2009లో సుప్రీంకోర్టు ముందు కుదిరిన లెక్క ఇదీ: సేవలన్నీ వాడుకుంటే మామూలు పన్నులో 75 శాతం, కొన్నే అయితే 50, అసలేమీ వాడుకోకపోతే మూడోవంతు.

కోనసీమకి రైలుకన్నా ముందే గ్యాసొచ్చింది. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్, 2014 జూన్ 27న నగరం గ్రామంలో పేలిన పైపులైను ఇక్కడెవరూ మర్చిపోలేదు. ఆ బావులూ పైపులూ కేంద్రప్రభుత్వ సంస్థలవే కదా, వాటికీ మినహాయింపేనా? కాదు. హైదరాబాద్ ఈసీఐఎల్ కట్టాల్సిన వ్యవసాయేతర భూమి పన్ను కేసులో 1999లో సుప్రీంకోర్టు తేల్చేసింది... వాటాలన్నీ సర్కారువే అయినా కంపెనీ వేరు, కేంద్రం వేరు అని.

అసలు చిక్కు విలువ కట్టడంలో ఉంది. పంటకాలువలో ఒక్క గజం ముక్క ఖరీదెంతంటే ఎవరు చెప్పగలరు? లాకునుంచి పొలందాకా నీళ్లు పారితేనే దానికి విలువ. రైలుపట్టా, గ్యాసుపైపూ అంతే. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం లైను మొత్తానికీ ఒకే విలువ కట్టి, ఏ ఊళ్లో ఎన్ని మైళ్లుంటే ఆ ఊరికంత వాటా పంచింది. రైల్వే కంపెనీలు కోర్టుకెక్కినా 1870ల్లో అక్కడి సుప్రీంకోర్టు అది సబబేనంది.

మన పల్లెల్లో పన్ను పేరే ఇంటిపన్ను. నేలలో పాతిన పైపుని ఇల్లు అనేదెలా? గుజరాత్ కేసులో సెల్‌టవరు కూడా భవనం కిందికే వస్తుందని 2016లో సుప్రీంకోర్టు అంది కానీ, టవరు కంటికైనా కనిపిస్తుంది! ఇక భూమ్మీది బావుల్లో తీసే గ్యాసుకి కంపెనీలు కట్టే రాయల్టీ అంటారా... అది వెళ్లేది రాష్ట్ర ఖజానాకి. పైపు ఎవరి పెరట్లోంచి పోతోందో ఆ పంచాయతీకి నేరుగా కాదు.