పిలవని పేరంటానికి వచ్చిన వ్యాంపైర్

ఇంజినీరింగ్ సెకండియర్‌లో మా హాస్టల్ రూమ్‌లో నలుగురం ఉండేవాళ్లం. ‘ట్విలైట్’ పీడీఎఫ్ ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కి పాకింది. ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రి కూడా దుప్పట్లో దూరి చదివిన బ్యాచ్ మాది. వ్యాంపైర్ హీరో ఎడ్వర్డ్, తాను దాదాపు రోజూ రాత్రి బెల్లా గదిలోకి వచ్చి ఆమె నిద్రపోతుంటే చూస్తున్నానని ఒప్పుకునే చోట నలుగురం ‘అబ్బ!’ అనుకున్నాం. అదే పని మా కాలేజీ కుర్రాడెవడైనా చేస్తే వార్డెన్ దగ్గరికి పరిగెత్తేవాళ్లం. ఆ తేడా ఎందుకో అప్పుడు ఒక్కరికీ తట్టలేదు.

వ్యాంపైర్ కథల్లో ఒక పాత నియమం ఉంది. ఇంట్లోవాళ్లు పిలిస్తేనే అతను గడప దాటగలడు. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన ‘డ్రాకులా’లో ఈ మాట స్పష్టంగా ఉంది. మనకీ ఇది కొత్తేం కాదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒకప్పుడు తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారట. దెయ్యమైనా సరే, గుమ్మం దగ్గర ఆగాల్సిందే. కాకపోతే ‘డ్రాకులా’లో ఒక మెలిక ఉంది. ఒక్కసారి పిలిస్తే చాలు, ఆ తర్వాత ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాడు. ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకునే దారి లేదు.

2005లో ‘ట్విలైట్’ రాసిన స్టెఫనీ మేయర్ ఆ నియమాన్నే పక్కన పెట్టేశారు. ఎడ్వర్డ్‌కి పిలుపు అక్కర్లేదు. ‘ఎక్లిప్స్’ (2007)లో, బెల్లా తన స్నేహితుడు జేకబ్‌ని కలవడానికి వెళ్లకుండా ఆమె ట్రక్కు ఇంజిన్‌లో పార్ట్ తీసేస్తాడు. జేకబ్ తోడేలుగా మారే కుర్రాడు కాబట్టి ప్రమాదమట. ఆ జేకబ్ కూడా తక్కువేం తినలేదు. ఆమెకి ఇష్టం లేకుండా ముద్దు పెడతాడు. ఆమె గుద్దితే విరిగేది ఆమె చెయ్యే! రక్తం తాగకుండా ఎడ్వర్డ్ చూపించే నిగ్రహానికి మేం పడిపోయాం. కోరలు తగల్లేదు కదా అని మిగతావన్నీ ప్రేమ ఖాతాలో వేసేశాం.

నిజ జీవితంలో నేనూ అలాగే వేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకతను అడిగితే లైవ్ లొకేషన్ ఇచ్చాను. నైట్ షిఫ్ట్ క్యాబ్‌లో జాగ్రత్త కోసం అన్నాడు. నైట్ షిఫ్టులు అయిపోయినా అది ఆన్‌లోనే ఉండేది. ‘బేకరీ దగ్గర పావుగంట ఆగావేం?’ అని మెసేజ్ వచ్చేది. ఒక ఆదివారం ఆఫ్ చేస్తే, సాయంత్రానికి మా పీజీ గేటు ముందు నిలబడి ఉన్నాడు. ‘ఎంత కేరింగో చూడు’ అంది రూమ్మేట్. నేనూ నవ్వి, మళ్లీ ఆన్ చేశాను.

ఆ రోజుల్లోనే చార్లైన్ హారిస్ రాసిన సూకీ నవలలు చదివాను. ‘ట్రూ బ్లడ్’ సిరీస్‌కి మూలం ఇవే. సూకీ లూసియానాలో ఒక చిన్న ఊరి బార్‌లో వెయిట్రెస్. అందరి మనసులో మాటలూ ఆమెకి వినిపిస్తాయి, అదే ఆమెకి నరకం. వ్యాంపైర్ బిల్ మనసు మాత్రం వినిపించదు. ఆ నిశ్శబ్దమే ఆమెని అతని వైపు లాగుతుంది. ఆరో నవలకి గానీ అసలు సంగతి తెలీదు. బిల్‌ని వాళ్ల రాణి పంపింది, సూకీని వలలో వేసుకోమని. అంత హాయినిచ్చిన నిశ్శబ్దంలోనే అబద్ధం దాక్కుని ఉంది.

అయితే సూకీకి ఒక హక్కు ఉంది. ఇచ్చిన పిలుపు ఆమె వెనక్కి తీసుకోవచ్చు. ‘క్లబ్ డెడ్’ (2003)లో ఆ ఒక్క మాట అనగానే బిల్, ఎరిక్ ఇద్దరూ ఆమె ఇంట్లోంచి బయటికి నడవాల్సి వస్తుంది. ఎంత బలమున్నా వాళ్లకి వేరే దారి లేదు.

ప్యాట్రీషియా బ్రిగ్స్ ‘మూన్ కాల్డ్’ (2006)లో హీరోయిన్ మెర్సీ కార్ల మెకానిక్. తోడేళ్ల గుంపు నాయకుడు ఆడమ్, ఆమె తన జోడీ అని గుంపు ముందు ప్రకటిస్తాడు. ఆమె జోలికి ఎవరూ రాకూడదనే. కానీ ఆ ముక్క ఆమెకే చెప్పడు! సంగతి తెలిశాక మెర్సీకి ఒళ్లు మండుతుంది. ఆ కోపానికి కథలో చోటుంది.

‘కథే కదా, అంత ఆలోచించాలా?’ అంటుంది మా ఆఫీసు ఫ్రెండ్. నిజమే, నాకు ‘ట్విలైట్’ ఇప్పటికీ ఇష్టమే. లోకమంతా భయపడేవాడు నా ఒక్కదాని ముందు మెత్తబడతాడన్న ఊహలో మత్తు ఉంది. అది లేకపోతే ఈ నవలలే లేవు. ఇప్పుడు మాత్రం చదివేటప్పుడు ఒకటి చూస్తాను. ఆమె వెళ్లమంటే అతను వెళ్తాడా? కోరలున్నాయా లేవా అన్నది ఆ తర్వాతే.

ఆఫీసులో నా పని యూజర్ యాక్సెస్. ఎవరైనా మానేస్తే ఆ సాయంత్రానికే వాళ్ల పర్మిషన్లన్నీ తీసేస్తాం. మంచివాడా చెడ్డవాడా అని ఎవరం అడగం. అలాంటిది, నా ఫోన్‌లో ఒక్క బటన్ నొక్కడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

నొక్కిన రోజు సాయంత్రం అతను మళ్లీ గేటు దగ్గరికి వచ్చాడు. నేను కిందికి దిగలేదు. వాచ్‌మన్‌కి ఫోన్ చేసి, ‘అన్నా, ఆయన్ని లోపలికి రానివ్వకు’ అన్నాను.

‘నిన్నటిదాకా వచ్చేటోడు కదా మేడమ్?’ అన్నాడు.

‘నిన్నటిదాకానే’ అన్నాను.