భోగి మంటకి మా పడక కుర్చీ ఇవ్వం

సంక్రాంతి దగ్గర పడితే మన ఇళ్ళల్లో ఒకటే మాట: "ఈ పాత కుర్చీలు తీసి పారేయండి, హాలు కొంచెం స్టైల్‌గా ఉండాలి." పోయిన ఏడు మేమూ ఆ మాటకి లొంగిపోయాం. వాషర్‌మెన్‌పేట్‌లో మా ఇల్లు చిన్నది, సందు ఇంకా చిన్నది. అయినా ఫోన్‌లో బొమ్మ చూసి బూడిద రంగు సోఫా, రెండు గుండ్రటి కుర్చీలు తెప్పించాం. తాతగారి టేకు పడక కుర్చీ, పేము అల్లిన రెండు చేతుల కుర్చీలు మెట్ల కిందికి పోయాయి. వచ్చిన చుట్టాలంతా బాగుందన్నారు.

నెల తిరగకముందే అవ్వ హాల్లోకి రావడం మానేసింది. అడిగితే "నాకేం, గదిలోనే బాగుంది" అంది. అసలు సంగతి, ఆ సోఫాలో కూర్చుంటే ఆమె లేవలేదు. 14 అంగుళాల ఎత్తు, లోపలికి దిగిపోయే దిండు, పట్టుకోడానికి చెయ్యి లేదు. ఎనభై దాటిన మనిషిని చుట్టాల ముందు ఇద్దరు పట్టి లేపాలంటే ఆమెకి సిగ్గు కాదా?

మేము బళ్ళారిలో కన్నడ మీడియంలో చదివాం. తెలుగు అక్షరాలు మాత్రం సెలవుల్లో ఇక్కడికి వచ్చి, ఆ పడక కుర్చీ పక్కన పీట వేసుకుని అవ్వ దగ్గర నేర్చుకున్నాం. కన్నడ అలవాటుకి తలకట్టు దగ్గర తప్పు పోతే ఆమె వేలు పట్టి దిద్దించేది. ఇప్పుడు మా పిల్లల వంతు. అవ్వేమో గదిలో, పిల్లలేమో సోఫాలో ఫోన్లతో. కుర్చీతో పాటు ఇంట్లో తెలుగు మాట కూడా మెట్ల కిందికి పోయింది. ఆంధ్రా దాటి ఉన్న మనకి బడిలో తెలుగు దొరకడమే కష్టం. హాల్లోంచి కూడా తోలేస్తే ఇంకెక్కడ మిగులుతుంది?

పేము కుర్చీ అంటే నాటు సరుకు అని మూతి ముడిచేవాళ్ళకి ఒక మాట. 1950లలో చండీగఢ్ ఆఫీసుల కోసం పియెర్ జన్నెరే టేకు, పేముతో కుర్చీలు చేయించాడు. తర్వాత మనవాళ్ళే వాటిని తుక్కు కింద అమ్మేశారు. ఇప్పుడు విదేశీ వేలాల్లో ఒక్కో కుర్చీ లక్షల రూపాయలు పలుకుతోంది. మనం పారేసిందాన్నే బయటివాళ్ళు మెచ్చితే అప్పుడు స్టైల్ అంటామా?

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వాడేవాళ్ళకి ఎక్కడ ఇబ్బందో ముందే పట్టుకోవడం మా పని. సొంత ఇంటికి మాత్రం టెస్ట్ చేయకుండానే రిలీజ్ ఇచ్చేశాం! అందుకే చెబుతున్నాం, కుర్చీ కొనేముందు ఈ మూడూ చూడండి.

ఒకటి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని కూర్చోబెట్టండి. ఎవరి సాయం లేకుండా లేవగలగాలి. సీటు 18 అంగుళాలకి అటూ ఇటూ ఉండి, గట్టి చేతులుంటే మంచిది.

రెండు, మన ఎండకీ వానకీ తట్టుకుంటుందా? పేము అల్లికలోంచి గాలి ఆడుతుంది. మందపాటి ఫోమ్ మీద మే నెలలో వీపు తడిసిపోతుంది. చెక్కపొడి అట్టతో చేసిన కాళ్ళు ఐప్పశి వానల చెమ్మకి ఉబ్బుతాయి. పైన పటారం, లోన లొటారం.

మూడు, బాగుచేయించుకోవచ్చా? పేము సాగితే అడుగున తడిపి ఆరబెడితే మళ్ళీ బిగుస్తుంది. తెగితే కొత్తగా అల్లించుకోవచ్చు. ఆ అట్టలో మర ఒకసారి వదులైతే మళ్ళీ పట్టు దొరకదు.

కొత్తవి కొనొద్దని మేము అనడం లేదు. గోడకి లేత రంగు వేయండి, కిటికీ తెరలు మార్చండి, పాత కుర్చీకి పోచంపల్లి ఇక్కత్ దిండు పెట్టండి. ఇల్లు కొత్తగా కనబడుతుంది, ఖర్చూ తక్కువే. భోగి మంటలో పాతసామాను వేయడం ఆచారం అంటారా? 2018 భోగి నాడు ఆ పొగకే చెన్నైలో విమానాలు దిగలేకపోయాయి. నాలుగు పిడకలు, నాలుగు కట్టెలు చాలు.

సోఫా అమ్మేశాం, సగం ధర కూడా రాలేదు. పడక కుర్చీ కడిగి, పాలిష్ పెట్టించి, కిటికీ పక్కన వేశాం. దాంట్లోంచి లేవడం కష్టమని అవ్వకి మాత్రం పేము చేతుల కుర్చీ వేశాం. మర్నాడు పొద్దున ఆమె తనంతట తానే వచ్చి కూర్చుంది. చిన్నదాన్ని పిలిచి "పలక తేవే" అంది.