డబ్బు ఇచ్చారా, కార్డు ఇచ్చారా?

దీపావళి ముందు వారం హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది: ‘శుభాకాంక్షలు! మీకు 3,000 రూపాయల గిఫ్ట్ కార్డు.’ సంతోషమే. కానీ నెలనెలా జీతం నేరుగా మన అకౌంట్‌లో వేసే కంపెనీకి ఈ మూడు వేలు కూడా అందులోనే వేయడం ఎంతసేపు పని? చెక్కులు రాసే కాలం పోయింది సరే, కూరగాయల బండి దగ్గర కూడా యూపీఐ నడిచే దేశంలో ఇంకా కార్డులెందుకు?

మొదటి కారణం మనకూ మంచిదే. పన్ను. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద నడిచిన నిబంధనల్లో, ఆఫీసు ఇచ్చే పండగ కానుక వస్తువుగానో వోచర్‌గానో ఉండి, ఏడాది మొత్తం విలువ 5,000 రూపాయల లోపైతే దానిపై పన్ను లేదు. అదే సొమ్మును నగదుగా ఇస్తే మొత్తం జీతంలో కలిసిపోయేది, పన్ను పడేది. ఈ లెక్కే వోచర్లను ఆఫీసుల్లో ఆనవాయితీ చేసింది.

రెండో కారణం టోకు బేరం. వెయ్యి కార్డులు ఒకేసారి కొనే కంపెనీకి బ్రాండ్లు తగ్గింపు ఇస్తుంటాయి. మీ చేతికొచ్చిన 3,000 కార్డుకు మీ ఆఫీసు కట్టింది 3,000 కంటే తక్కువే కావచ్చు. అకౌంట్‌లో వేస్తే మాత్రం 3,000కి 3,000 కట్టాల్సిందే.

మరి బ్రాండ్‌కు ఆ తగ్గింపు ఎలా గిట్టుబాటవుతుంది? అసలు మజా ఇక్కడే ఉంది. 1,000 రూపాయల కార్డుతో 870 రూపాయల షర్టు కొంటారు. 130 మిగులుతుంది. ఆ 130తో అక్కడ ఏమీ రాదు, కార్డు డ్రాయర్‌లోకి పోతుంది. లేదంటే ఇంకో 600 మన జేబులోంచి కలిపి ఇంకోటి కొంటాం. రెండిట్లో ఏది జరిగినా దుకాణానికి లాభమే. 2,000 మంది కార్డుల్లో తలా 130 మిగిలిపోయాయనుకోండి, 2,60,000 రూపాయలు. దానికి బదులుగా ఒక్క షర్టు కూడా ఇవ్వక్కర్లేదు.

ఇలా వాడకుండా మిగిలిపోయే సొమ్ముకు అకౌంటింగ్‌లో ‘బ్రేకేజ్’ అని పేరే ఉంది. అది ఎంత పెద్దదో చూడాలంటే స్టార్‌బక్స్ వార్షిక నివేదిక తిరగేయండి. 2023 ఆర్థిక సంవత్సరంలో, కస్టమర్లు ఇక వాడరని లెక్కగట్టి ఆదాయంలో కలుపుకున్న కార్డు సొమ్ము 20 కోట్ల డాలర్లు దాటింది. కాఫీ పోయకుండా వచ్చిన కాఫీ డబ్బు అది.

చెక్కుతో ఈ సౌకర్యం లేదు. మన దగ్గర 2012 ఏప్రిల్ నుంచి చెక్కు గడువు మూడు నెలలే. కానీ గడువు తీరేది ఆ కాగితానికి, బాకీకి కాదు. ఇంకో చెక్కు రాసివ్వమని అడగొచ్చు. కార్డు విషయంలో బాకీ కూడా గడువుతోపాటే పోయిందని మనమే అనుకుని ఊరుకుంటాం.

అన్ని కార్డుల్లోనూ అలా పోదు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. గిఫ్ట్ కార్డులు రెండు రకాలు. ఒక బ్రాండ్ తన దుకాణంలో, తన యాప్‌లో మాత్రమే చెల్లేలా ఇచ్చేది ఒకటి. దీనిపై రిజర్వ్ బ్యాంక్ పెత్తనం లేదు. కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఏం రాస్తే అదే రూల్. రెండోది బ్యాంకులు, ఆర్‌బీఐ అనుమతి ఉన్న సంస్థలు ఇచ్చే ప్రీపెయిడ్ కార్డు. ఇది చాలా చోట్ల చెల్లుతుంది. 2021 ఆగస్టులో ఆర్‌బీఐ ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్ ప్రకారం ఇలాంటి గిఫ్ట్ కార్డు విలువ 10,000 దాటకూడదు, కనీసం ఏడాది గడువుండాలి. గడువు ముగిసే ముందు 45 రోజుల్లో మనల్ని హెచ్చరిస్తుండాలి. బ్యాంకు కాని సంస్థ ఇచ్చిన కార్డైతే, గడువు తీరాక మూడేళ్ల దాకా మిగిలిన సొమ్మును లాభాల్లో కలుపుకోకూడదు. గడువు దాటాక మనం ఎప్పుడు వెళ్లి అడిగినా బ్యాంకు ఖాతాలో వేయాలి. ఈ చివరి మాట చాలామందికి తెలీదు.

ఇంతవరకూ కానుకల సంగతి. ఉచితంగా వచ్చినదాంట్లో 130 పోతే పోయింది అనుకోవచ్చు. అదే కార్డు మన సొంత డబ్బుకు బదులుగా వస్తేనే ఇబ్బంది. వస్తువు వాపసు ఇస్తే ‘మీ రిఫండ్ స్టోర్ క్రెడిట్‌గా వచ్చింది’ అంటారు. పెద్ద బటన్ మీద ‘వెంటనే వాలెట్‌లోకి’, దాని కింద చిన్నగా ‘బ్యాంకుకు, 5 నుంచి 7 రోజులు’ అని ఉంటుంది. యాప్‌లు రాసేవాడిగా చెప్తున్నా, ఏ బటన్ పెద్దగా ఉండాలన్నది ఊరికే జరగదు, ఎవరో కూర్చుని నిర్ణయిస్తారు. ఆన్‌లైన్ చెల్లింపులకు ఆర్‌బీఐ 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం స్పష్టంగానే చెప్పాయి: మనం ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, డబ్బు ఏ దారిలో వచ్చిందో ఆ దారిలోనే తిరిగి వెళ్లాలి. ఆ పెద్ద బటన్ నొక్కడమంటే ఒప్పుకోవడమే.

వోచర్‌కూ డబ్బుకూ తేడా ఉందని సుప్రీంకోర్టే లెక్కగట్టిన సందర్భం ఒకటుంది. 2020 లాక్‌డౌన్‌లో రద్దయిన విమాన టికెట్ల కేసు. డబ్బు వెంటనే తిరిగివ్వలేని సంస్థలు ‘క్రెడిట్ షెల్’ ఇవ్వొచ్చని ఆ ఏడాది అక్టోబరు 1న కోర్టు చెప్పింది. ఊరికే కాదు. దాని విలువ 2020 జూన్ దాకా నెలకు 0.5 శాతం, ఆ తర్వాత 0.75 శాతం చొప్పున పెరగాలి. 2021 మార్చి 31 లోపు వాడకపోతే డబ్బుగా తిరిగివ్వాలి. అంటే 10,000 రూపాయల టికెట్ సొమ్ము తమ దగ్గర అట్టే పెట్టుకున్నందుకు నెలకు 50, తర్వాత 75 రూపాయలు. మన షాపింగ్ యాప్ వాలెట్‌లో కూర్చున్న రిఫండ్‌కు అలా ఎవరూ ఒక్క రూపాయి కలపరు.

కాబట్టి కానుక వస్తే థాంక్స్ చెప్పి, నెలలోపే, ఎలాగూ కొనాల్సిన సరుకులకే ఖర్చు పెట్టేయండి. రిఫండ్ అయితే ఆ చిన్న అక్షరాల ఆప్షన్ నొక్కి వారం ఆగండి. ఇప్పుడే మెయిల్ తెరిచి ‘గిఫ్ట్ కార్డ్’ అని సెర్చ్ కొట్టండి. పాతది దొరికితే గడువు తీరిందని డిలీట్ చేయకండి. ఇచ్చింది బ్యాంకా, బ్రాండా అని ముందు చూడండి.