భవనాలు కాదు, నమ్మకం

ఉగ్రవాదానికి విరుగుడు బలమైన ప్రజాస్వామ్య వ్యవస్థలేనన్న వాదన సమంజసమే. అయితే విదేశీ ధనంతో అవి నిలుస్తాయా? ఆఫ్ఘనిస్తాన్ పునర్నిర్మాణానికి అమెరికా ఇరవై ఏళ్లలో సుమారు 14,500 కోట్ల డాలర్లు వెచ్చించింది. మన దేశం 2015లో కాబూల్‌లో పార్లమెంటు భవనాన్ని నిర్మించి ఇచ్చింది. 2021 ఆగస్టు 15న ప్రభుత్వం కూలింది. భవనం మాత్రం మిగిలింది.

పద్మనాభంలో ఉన్న మనకు ఈ చర్చ ఎందుకు? 2007లో మక్కా మసీదు పేలుడు తరువాత హైదరాబాదులో పోలీసులు నిర్బంధించిన ముస్లిం యువకులెందరో నిర్దోషులుగా బయటపడ్డారు. వారు కోల్పోయిన కాలాన్ని ఎవరు తిరిగి ఇవ్వగలరు?

గుమాస్తాగా నేనెరిగిన సత్యం ఒక్కటే: అర్జీదారుకు న్యాయమైన జవాబు దొరికిన చోటనే ప్రభుత్వంపై నమ్మకం నిలుస్తుంది. ఆ నమ్మకం ఏ దేశమూ పంపగల సాయం కాదు; రాజ్యాంగబద్ధంగా మనం అడిగి సాధించుకోవలసిన హక్కు.