వృత్తి మార్పు: విడువవలసినదేది, వెంట తీసుకొనిపోవలసినదేది?

వృత్తిని మార్చుకొనడమా, మానడమా అన్న ప్రశ్న ఈనాడు మన విద్యార్థులకు రెండు చోట్ల ఎదురవుతున్నది. ఒకటి ఆటలో, రెండవది ఇంటిలో. ఆటలోని ప్రశ్నను గురించి వసతిగృహాలలో అర్ధరాత్రి దాకా చర్చ సాగుతున్నది. ఇంటిలోని ప్రశ్న మాత్రం చర్చకు రాకుండానే తేలిపోతున్నది. ఈ వ్యత్యాసమే మమ్ము ఈ నాలుగు మాటలు వ్రాయుటకు పురికొల్పినది.

అంతర్జాలంలో వేలమంది కలిసి ఒక్కొక్క పాత్ర ధరించి ఆడే ఆటలున్నాయి. 2004లో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వాటిలో ప్రసిద్ధమైనది. అందులో ఆటగాడు కమ్మరిగానో, దర్జీగానో, తోలు పనివాడుగానో చేతిపని నేర్చుకొనవచ్చును. ప్రధాన వృత్తులు రెండింటికి మించరాదు. మూడవది కావలెనంటే ఒకదానిని విడువవలసినదే. ఆ ఆట తొలినాటి నియమం ప్రకారం, విడిచిన మరుక్షణమే అందులో సంపాదించిన నైపుణ్యమంతా చెరిగిపోతుంది. మరల కావలెనంటే ఓనమాల నుండి ఆరంభించాలి. అందుచేత ఆటగాడు తొందరపడడు. ముడిసరుకు ఎక్కడ దొరుకును, చేసిన వస్తువును కొనేవారున్నారా, తన జట్టులో ఆ పని తెలిసినవారు ఇప్పటికే ఎందరున్నారు అని లెక్క వేసుకొని గాని అడుగు వేయడు. ఆ వివేకం ఆటకే పరిమితం కావడం విచారకరం.

ఇక ఇంటి సంగతి. తెలుగు ముస్లింలలో దూదేకులవారు, అనగా నూర్‌బాషా సోదరులు, తరతరాలుగా పత్తిని ఏకి, పరుపులు, దిండ్లు కుట్టి జీవించినవారు. వింటికి బిగించిన నరాన్ని కొయ్యతో మీటుతుంటే, ముద్దకట్టిన దూది పింజలు పింజలుగా విడివడేది. ఈ పని చేసేవానిని అరబ్బీలో హల్లాజ్ అంటారు. క్రీ.శ. 922లో బాగ్దాదులో ప్రాణమిచ్చిన మన్సూర్ పేరు చివర నిలిచినది ఈ వృత్తి నామమే. అంతటి ప్రాచీనమైన పనికి మొదట యంత్రం పోటీగా వచ్చి విల్లును మూలకు చేర్చినది. తరువాత రబ్బరు, స్పాంజి పరుపులు వచ్చి దూది పరుపునే మూలకు చేర్చుచున్నవి.

ఈ స్థితిలో ఉన్న కుటుంబాలకు రెండు సలహాలు వినబడుతున్నవి. కులవృత్తిని విడువరాదన్నది ఒకటి. పాత పనిని పూర్తిగా మరచి కర్మాగారంలో ఉద్యోగం వెతుక్కొమ్మన్నది మరొకటి. ఈ రెంటితోను మేము ఏకీభవించలేకున్నాము.

విడువరాదనేవారు ఒక సత్యాన్ని మరచుచున్నారు. ఏళ్ల తరబడి పీల్చిన పత్తి దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీయునని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చినది. వేదికలపై చేతివృత్తుల ఔన్నత్యాన్ని కొనియాడేవారిలో తమ బిడ్డ చేతికి విల్లు అందించువారెందరు? తాతగారు చేశారు, తండ్రిగారు చేశారు, ఇన్నేళ్ల శ్రమ వృథా కారాదు అనుట అభిమానమే గాని కారణం కాదు. గడచిన శ్రమ తిరిగిరాదు. రేపటి కూలి గిట్టునా లేదా అన్నదే ఆలోచించవలసిన విషయము.

అయితే కర్మాగారమే శాశ్వతమనుటయు భ్రమయే. పాల్వంచ వాసులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. 1966లో మొదటి యూనిట్‌తో ఆరంభమైన కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం ఈ ఊరి రూపురేఖలనే మార్చినది. అందులో 720 మెగావాట్ల పాత కర్మాగారం 2020 నాటికి మూతపడినది. 2024 ఆగస్టులో దాని ఎనిమిది శీతలీకరణ గోపురాలు మన కళ్లయెదుటనే నేలకూలినవి. 1980లో ఉత్పత్తి ప్రారంభించిన స్పాంజ్ ఐరన్ ఇండియా సంస్థ 2010లో ఎన్‌ఎండిసిలో విలీనమైనది. కొత్త యూనిట్లు రాలేదని మేమనడం లేదు. 2018లో 800 మెగావాట్ల యూనిట్ వచ్చినది. కాని పాత యంత్రం వద్ద పనిచేసిన వానికి కొత్త యంత్రం దానంతట అదే చోటు చూపదు. విల్లుకు పట్టిన గతి యంత్రానికి కూడ పట్టగలదు. కనుక ఒకసారి వృత్తి మార్చితే ఇక మార్చవలసిన అవసరం రాదనుకొనరాదు.

మరి మూడవ మార్గమున్నదా? ఉన్నదనుటకు తెలుగునాటనే నిదర్శనాలున్నాయి. చీరాల ప్రాంతంలో నూనెతో శుద్ధిచేసిన నూలుతో నేసిన తేలియా రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. నూలుకు ముళ్లు వేసి రంగులద్దే ఆ విద్య పోచంపల్లి నేతగాండ్రకు కూడ అబ్బినది. వారు తరువాత దానిని చీరలకు మళ్లించారు. మగ్గం అదే, వస్తువు మారినది. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడ కష్టాలు తీరిపోయినవని కాదు. ఉన్న విద్యనే కొత్త గిరాకీ వైపు త్రిప్పవచ్చునని మాత్రం దీనివలన తెలియుచున్నది. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా గారి జీవితమూ ఇట్టిదే. వంశపారంపర్యంగా వచ్చిన నాదస్వరాన్ని ఆయన విడువలేదు. తంజావూరు బాణీని అభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి గౌరవాలు పొందారు.

ఆటకూ జీవితానికీ గల ముఖ్యమైన భేదం ఇక్కడనే ఉన్నది. ఆటలో వృత్తి మారితే నైపుణ్యం సున్న అవుతుంది. జీవితంలో అట్లు కానక్కరలేదు. దూదేకుల ఇంట పుట్టిన పిల్లవానికి బూరుగు దూదికీ పత్తికీ గల తేడా వ్రేలి స్పర్శతో తెలియును. ఎంత బరువు దూది ఎంత పరుపుకు సరిపోవునో తూకం లేకుండానే తెలియును. మందపు గుడ్డకు సూది ఎట్లు దించవలెనో తల్లిని చూచి నేర్చుకొన్నాడు. ఊరూర తిరిగి బేరమాడుట, అరువు ఇచ్చి రాబట్టుకొనుట తండ్రి వెంట తిరిగి గ్రహించాడు. లారీల, ఆటోల సీట్లు కుట్టే పనికి గాని, సోఫాల పనికి గాని, దర్జీ పనికి గాని, ఒక దుకాణం నడుపుటకు గాని ఇవన్నీ పెట్టుబడులే. వాటిని సిగ్గుపడి దాచుకొన్ననాడు మాత్రమే అవి సున్న అవుతాయి.

అందుచేత వృత్తి మార్చదలచిన విద్యార్థి మూడు ప్రశ్నలు వేసుకొనవలెనని మా అభిప్రాయము. పాత పని విడుచుటకు కారణం గిట్టుబాటు లేకపోవడమా, లేక పదిమందిలో చిన్నతనమా? కొత్త పనిలో పాత విద్య ఏ మేరకు ఉపకరించును? ఆ కొత్త పని చేతికి వచ్చువరకు ఇల్లు గడిచే మార్గమేది? మూడవ ప్రశ్నకు సమాధానం దొరకునంత వరకు పాత పనిముట్లు అమ్ముకొనరాదు.

ప్రభుత్వ సాయం విషయంలోను మెలకువ అవసరం. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నవి. పనిముట్లకు రూ. 15,000 వరకు సాయం, 5 శాతం వడ్డీపై రెండు విడతలలో మొత్తం రూ. 3 లక్షల వరకు రుణం అందులోని ప్రధానాంశాలు. ఆ జాబితాలో దర్జీ ఉన్నాడు, దూదేకేవాడు లేడు. పైగా దరఖాస్తు చేయునాటికే ఆ వృత్తిలో ఉండవలెనన్నది నిబంధన. అనగా పాత పనిలోనే ఉన్నవానికి ఈ ద్వారం మూసియున్నది. కొత్త పనిలో అప్పటికే అడుగుపెట్టినవానికే అది తెరచుకొనును. ఆ మధ్యకాలపు భారం కుటుంబం ఒక్కటే మోయుచున్నది.

ఈ భారంలో కొంతైనా మన కళాశాల పంచుకొనవలెనని పాలకవర్గం వారికి విన్నవించుకొనుచున్నాము. ప్రవేశ సమయంలో విద్యార్థి మార్కులతో పాటు, అతనికి లేక ఆమెకు చేతితో వచ్చిన పని ఏదో కూడ అడిగి వ్రాసుకొనవలెను. నెలకొక శనివారం దర్జీ, వడ్రంగి, సీట్ల పనివాడు వంటివారిని గౌరవంగా ఆహ్వానించి వారి పని విద్యార్థులకు చూపవలెను. పథకాల దరఖాస్తులు నింపుటలో ఉర్దూ, తెలుగు రెండింటిలోను తోడ్పడవలెను. అంతరించుచున్న వృత్తుల మాటలను ఈ సంచికలో ఏటేటా రెండు భాషలలో అచ్చువేయవలెను. ఇందుకు పెద్ద వ్యయం కానేరదు.

విద్యార్థి మిత్రులారా! కూటి కొరకు కోటి విద్యలన్నారు. విద్య మారుట తప్పు కాదు. ఆటలో ఒక కల్పిత దర్జీ కొరకు ఎంత లెక్క వేయుచున్నారో, అంత లెక్క ఇంటిలోని నిజమైన పనివారితో కూర్చొని ఒక్కసారి వేయండి. మీ నాన్నగారు ఏమి ఎరుగుదురో, మీ అమ్మగారి సూది ఎంత పని చేసినదో ముందుగా అడిగి తెలుసుకొని, ఆ మీదట నిర్ణయించుకొనండి.